మా యింటి చిత్రలేఖ

ఇల్లాలికి బేరమాడుట క్రొత్త విద్య కాదు. గుప్పెడు బియ్యము నరచేత పోసికొని అవి పాతవో క్రొత్తవో చెప్పగలము. ఇత్తడి బిందెను వ్రేలితో మీటి పగులును కనిపెట్టగలము. చింతపండు బుట్టకు అడుగున దాగిన నల్లపండును బయటికి లాగి దుకాణదారుని ముఖము ముందు పెట్టగలము. అట్టి మనము కంప్యూటరు దుకాణపు గడప త్రొక్కగనే మూగవారమై, వెంట వచ్చిన మగవారి ముఖము చూచి నిలుచుచున్నాము. గడచిన 2025 వేసవిలో మాకొక గ్రాఫిక్సు కార్డు కొనవలసి వచ్చినది. నెల దినములు తర్కించి, నాలుగు దుకాణములు తిరిగి కొంటిమి. ఆ బేర మెట్లు సాగినదో చెప్పినచో, పిల్లల పోరు పడలేక అట్టి వస్తువు కొనబోవు సోదరీమణులకు కొంత ఉపయోగింపవచ్చునని తలంచి వ్రాయుచున్నాము.

మాది విశాఖపట్టణమున జ్ఞానాపురమునకు సమీపమున నున్న ఉపాధ్యాయుని సంసారము. మా వారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. మాకు బడిచదువు లేదు. తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి భారత భాగవతములను, రెండు మూడు ప్రబంధములను చదివించిరి. మా పెద్దమ్మాయి పదవ తరగతి ముగించి, ఇంటరులో చేరకముందు దొరకిన సెలవులలో, విడిభాగములు కొని తన చేతులతోనే కంప్యూటరును కూర్చుకొందునని అడిగెను. చదువునకా అంటిమి. చదువునకును, ఆటలకును అన్నది. చదువునకే అని బొంకవచ్చును గదా, బొంకలేదు. అది మాకు నచ్చినది.

దానికి మా వద్ద నున్న ధనము చీటీపాటలో వచ్చిన 60,000 రూపాయలు. అమ్మాయి చేతికి గాజులు చేయింపవలెనని వేసిన చీటీ అది. 2025 ఏప్రిలులో పది గ్రాముల మేలిమి బంగారము లక్ష రూపాయలను ముట్టుటతో ఆ సొమ్మునకు గాజుల జత రాదని తేలిపోయినది. అయినను మా అత్తగారు, “బంగారము ఇంట నుండిన పెరుగును, ఈ పెట్టె ఇంట నుండిన తరుగును” అనిరి. ఆ మాట కాదనుటకు వీలులేదు. నేడు కొన్న కార్డు మూడేండ్లకు సగము వెలకైనను పోవునో పోదో. పైగా జీఎస్టీ బంగారముపై నూటికి 3, ఈ కార్డుపై నూటికి 18. అయితే మా గాజుల చరిత్ర కూడ మాకు జ్ఞాపక మున్నది. అవి మూడు మారులు బ్యాంకు తాకట్టునకు పోయి వచ్చినవి. మా చేతులతో కంటె ఆ బ్యాంకు ఇనుపపెట్టెతోనే వాటికి చుట్టరిక మెక్కువ.

ఇరుగుపొరుగు వారి ఆక్షేపణ వేఱు: ఆడపిల్లకు ఆటల కంప్యూటరు ఎందుకని. మా చిన్నవాని క్రికెట్టు శిక్షణకు రెండేండ్లుగా నెలనెలా రుసుము కట్టుచున్నాము. దానికై ఎవరును సభ తీర్చలేదు, ఇంటిలో ఒక్కరును లెక్క యడుగలేదు. ఈ సంగతి మా వారితో చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “లెక్క సరియైనదే” అనిరి. గణితోపాధ్యాయుని నోట అంతకంటె అంగీకారము వెడలదు.

ఇక గ్రాఫిక్సు కార్డనగా నేమి? ఉషాపరిణయము తెలిసినవారికి చెప్పుట సులభము. ఉష స్వప్నమున ఒక పురుషుని చూచినది. పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తె యగు చిత్రలేఖ రాకుమారుల రూపములను వరుసగా లిఖించి చూపగా, అనిరుద్ధుని పటము కడ ఉషకు సిగ్గు ముంచుకొని వచ్చినది. కంప్యూటరునందు ప్రాసెసరు ఉష వంటిది. ఏది జరుగవలయునో దానికి తెలియును గాని అంత వేగముగా రూపించి చూపు నేర్పు దానికి లేదు. గ్రాఫిక్సు కార్డు చిత్రలేఖ. ఇది మేము చెప్పిన ఉపమానమే గాని అమ్మాయి దీనిని తన స్నేహితురాండ్ర కందఱకును తనదిగా చెప్పుకొన్నది.

ఈ చిత్రలేఖ పడు శ్రమను ముగ్గుల లెక్కలో చూడుడు. తెర యంతయు చుక్కలే. మేము కొన్న తెర అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గలది. అనగా 20,73,600 చుక్కలు. ఆటలోని బొమ్మలు తొట్రుపడక కదలవలయునన్న సెకనునకు 60 పటములైనను వ్రాయవలెను. సంక్రాంతి నాడు ఇరువదియొక్క చుక్కల ముగ్గు పెట్టి నడుము పట్టుకొను మనకు, సెకనునకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు లద్దుట యెట్టిదో ఊహకైన రాదు. ఒకటి రెండు చేతులతో అగు పని కాదు. అందుచేతనే ఈ కార్డులో వేలకొలది చిన్న గణనాంగములుండి, తలకొన్ని చుక్కలను పంచుకొని ఏకకాలమున పని చేయును. పెండ్లివంటలో ప్రధానపు వంటవారు ఆరుగురో ఎనమండుగురో ఉందురు. కూరలు తరుగుటకు మాత్రము వీధి వీధియంతయు కదలివచ్చును. ప్రాసెసరునకును కార్డునకును గల భేదము అట్టిది.

కావున మొదట నిర్ణయింపవలసినది కార్డు కాదు, తెర. 4కె అనబడు తెరపై 82,94,400 చుక్కలుండును, సరిగా నాలుగింతలు. దానికి తగిన కార్డు మా చీటీ నంతటిని మ్రింగివేయును. ఇరువది నాలుగంగుళముల తెర చాలునని తేల్చుకొన్న పిమ్మట సగము బేరము మా చేతికి వచ్చినది.

ద్వారకానగరు వైపు నొక దుకాణమునకు పోయితిమి. లోపల నున్న యువకుడు మమ్ము దాటి మా వారిని చూచి, “బాబుకా సార్?” అనెను. అమ్మాయికనిరి. “ఆన్‌లైను క్లాసులకా?” అనెను. “ఆటలకు” అని అమ్మాయియే చెప్పినది. అతడొక చిన్న పెట్టె తీసి మా ముందుంచి, “ఇది 4 జీబీ కార్డు మేడమ్, ఆరువేలలోపు వచ్చేస్తుంది” అనెను. అది 2014లో మొదట వెలువడిన జీటీ 730. తెరపై బొమ్మ కనబడుటకును, లెక్కలు టైపు చేయుటకును చక్కగా పనికివచ్చును. నేటి ఆటలను మోయలేదు. “దీనిలోని మెమొరీ డీడీఆర్ 3 కదా?” అని అమ్మాయి యడిగెను. “ఏదైనా నాలుగు నాలుగే” అని అతని సమాధానము.

నాలుగు నాలుగే యగుట గణితమున చెల్లును, వంటయింట చెల్లదు. మెమొరీ యనునది గుండిగ. గుండిగ ఎంత పెద్దదైనను క్రింద పొయ్యి చిన్నదైనచో అన్నము ఎప్పటికి ఉడుకును? గణనాంగములు పొయ్యి. ఆ రెంటి నడుమ సరకు నందించు దారి యొకటి కలదు. దాని వెడల్పును బిట్లలో చెప్పుదురు. కొనువారు ఈ మూడింటిని కలిపి చూడవలయును. పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చువేయునది మాత్రము గుండిగ కొలత యొక్కటే.

పేర్లలోని మర్మము కూడ కొంత నేర్చుకొంటిమి. ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 3060 అన్నచో, 30 అనునది తరము, 60 అనునది ఆ తరములో అంతస్తు. క్రొత్త తరములోని చిన్నదానికంటె పాత తరములోని పెద్దది మేలగుట తఱచు. ఇంకొక చిక్కు: ఒకే పేరుతో ఇద్దరుందురు. ఆర్‌టీఎక్స్ 3050 అను పేరున 8 జీబీ కార్డొకటి, 2024లో వెలువడిన 6 జీబీ కార్డొకటి కలవు. భేదము గుండిగలో మాత్రమే యని తోచును. కాదు. మొదటిదానిలో 2560 గణనాంగములు, 128 బిట్ల దారి. రెండవదానిలో 2304, దారి 96 బిట్లు. పిలిచినప్పుడు ఇరువురును పలుకుదురు. కావున ఇంటిపేరుతో సహా అడుగవలయును.

అసలు కార్డే లేకుండ గడుపవచ్చునా యనియు విచారించితిమి. రైజెన్ 5 5600జి అను ప్రాసెసరునందు కొంత చిత్రశక్తి ఇమిడియే యున్నది. చివర ‘జి’ లేని 5600కు అది లేదు. కార్డు పెట్టనిదే తెర వెలుగదు. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో ‘ఎఫ్’ అను అక్షరము చివర నున్నచో అర్థము అదియే. ఈ అక్షరములు చూడక కొని, బొమ్మ రాలేదని దుకాణమునకు మరల పరుగెత్తినవారు కలరు. పొదుపు కోరువారు జి గలదానిని కొని, ధనము చేరిన పిదప కార్డు చేర్చుకొనుట దోషము కాదు. వేలరెంట్ వంటి తేలిక ఆటలకు అది చాలును. మేము ఇదియే మేలంటిమి. అమ్మాయి రెండు దినములు మాటాడలేదు. తరువాత కాగితముమీద లెక్క వేసి తెచ్చినది: ఇప్పుడు జి, వచ్చే యేడు కార్డు కొన్నచో మొత్తము వ్యయము ఎంత, ఇప్పుడే జి లేనిది కార్డుతో కొన్నచో ఎంత. రెండవది తక్కువ. మా వారు ఎఱ్ఱ కలముతో తప్పులు వెదకి, దొరకక, సంతకము చేసిరి.

పాత కార్డు సంగతి కూడ చెప్పవలెను. కోవిడు కాలమున ఈథీరియమ్ అను డిజిటలు నాణెమును గణించుటకై లోకమందలి కార్డులను రాత్రింబవళ్లు త్రిప్పుచుండిరి. 2021లో సామాన్యునకు న్యాయమైన వెలకు కార్డు దొరకుట దుర్లభమైనది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియమ్ ఆ పద్ధతిని విడిచిపెట్టగా, అరిగిన కార్డులు సంతకు వచ్చినవి. గాజువాకలో ఒకరు ఆర్‌ఎక్స్ 580 కార్డును 6,500కు ఇత్తుమనిరి. అది 2017 నాటిది, 8 జీబీ, మంచి పేరున్నది. అమ్మాయితో కలిసి పోయి చూచితిమి. ఆ గృహస్థు కాఫీ ఇచ్చి మర్యాద చేసిరి. అమ్మాయి పెన్‌డ్రైవులో తెచ్చిన జీపీయూ-జెడ్ అను చిన్న ప్రోగ్రామును వారి కంప్యూటరులో నడిపించినది. కార్డుమీద అంటించిన కాగిత మేమి చెప్పినను, లోపలి నిజమును చదివి చూపుట దాని పని. నకిలీ కార్డుల పేరునకు ముందు నకిలీయని కూడ చూపును. ఈ కార్డు నకిలీ కాదు గాని గణనాంగములు 2048 అని చూపినది. సంపూర్ణమైన ఆర్‌ఎక్స్ 580కి 2304 ఉండవలయును. అదే పేరుతో 2018లో తక్కువ రకమొకటి వచ్చియున్నది, ఇది అది. ఆ గృహస్థునకు ఈ సంగతి నిజముగనే తెలియదని మా నమ్మకము. ఆయన ముఖము చిన్నవోయినది. కాఫీ త్రాగి వచ్చివేసితిమి. పైగా ఆ జాతి కార్డు 185 వాట్లు త్రాగును, అందు పాతది. కొనదలచినవారు నడుచుచుండగా కన్నులతో చూడక కొనరాదు.

ఇక క్రొత్తవానిలో మూడు మిగిలినవి. మొదటిది ఆ 6 జీబీ 3050. దానికి 70 వాట్లు చాలును, వేఱుగా విద్యుత్తు తీగ అక్కరలేదు. ఆఫీసులలో వాడిన పాత కంప్యూటరు ఇంట నున్నవారు దానిలో పెట్టుకొనుటకు అంతకంటె సుకరమైనది లేదు. రెండవది ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600. 8 జీబీ, 132 వాట్లు, 128 బిట్ల దారి. 2021 అక్టోబరులో 329 డాలర్లకు వెలువడి, నాటికి నేటికి చాల దిగివచ్చినది. మొదటిదానికంటె వేగము స్పష్టముగా ఎక్కువ. మూడవది ఇంటెల్ వారి ఆర్క్ బీ580. 2024 డిసెంబరులో వచ్చినది, 12 జీబీ, 190 వాట్లు. మూటిలో బలశాలి ఇదియే. అమ్మాయి మనసు దీనిమీద పడినది.

దీని వెల 249 డాలర్లని యూట్యూబులో అందఱును చెప్పుదురు. విని సంతోషింపవలదు. డాలరునకు 85 రూపాయల చొప్పున 21,165. దానిపై నూటికి 18 పన్ను చేర్చిన 24,975. రవాణా, అంగడివాని లాభము ఆ పైని. దుకాణములో 26,000 అనిరి. మేము కార్డునకు కేటాయించినది 21,000. తక్కిన అయిదువేలు ఎక్కడినుండి? ఎస్‌ఎంపీఎస్ చవుకది తీసికొందమని అమ్మాయి సూచించినది. ఎస్‌ఎంపీఎస్ అనగా గోడనుండి వచ్చు విద్యుత్తును భాగములకు పంచియిచ్చు పెట్టె. అక్కడ మేము లొంగలేదు. నెయ్యి తగ్గించిన కూర తినవచ్చును. కుంపటికి కాలు విరిగినచో వంటయే లేదు. క్యాబినెట్టుతో ఉచితముగా నిచ్చు పేరులేని ఎస్‌ఎంపీఎస్ చెడినప్పుడు తాను చెడుటయే కాక కార్డును, బోర్డును వెంట తీసికొని పోవచ్చును. అదియు గాక, మేము కొనబోవు 5600 వంటి మధ్యరకపు ప్రాసెసర్లతో బీ580కి పూర్తి వేగము రాదని 2025 ఆరంభమున పరీక్షించినవారు చూపిరి. ఈ రెండవ కారణము విన్న తరువాతనే అమ్మాయి దిగివచ్చినది. అయితే తానును ఒక నియమము పెట్టెను: ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది, మంచి కంపెనీది కావలెను, నాలుగేండ్లకు తన సంపాదనతో పెద్ద కార్డు పెట్టుకొందునని. ఒప్పుకొంటిమి.

ఎదురింటి ఇంజనీరింగు విద్యార్థి ఎన్‌విడియాయే కొనుడని పట్టుపట్టెను. బ్లెండరు మొదలగు చిత్రరచనా ప్రోగ్రాములకును, కృత్రిమ మేధ చదువునకును వారి కూడా అను ఏర్పాటు అనుకూలమనుట నిజము. ఆ పనియే ముఖ్యమైనవారు కొంత వేగము వదలుకొనియైనను అటు పోవచ్చును. మా అమ్మాయికి అది ఇప్పటి అవసరము కాదు.

విద్యుత్తు వ్యయమునకు మా అత్తగారు భయపడిరి. 132 వాట్ల కార్డు దినమునకు రెండు గంటలు పూర్తి బలముతో నడచినను నెలకు ఎనిమిది యూనిట్లు దాటదు. 70 వాట్లదైనచో నాలుగు యూనిట్లపై కొంచెము. ఆ భేదము మా ఇస్త్రీపెట్టె మీద ఆదివారము నాడు చేయు దుర్వ్యయములో మునిగిపోవును.

విశాఖవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి కలదు. బైలాదిల్లా ఇనుపరాయి కిరందూలు మార్గమున మన రేవునకు వచ్చును. బొగ్గు ఓడలమీద దిగును. మా వంటి రేవు చెంతనున్న ఇండ్లలో ఉదయము తుడిచిన కిటికీగడప మీద సాయంకాలము వ్రేలు పెట్టినచో నల్లని బొట్టు అంటును. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. కార్డు పంకాలు ఆ గాలినే పీల్చి చల్లబడవలసియున్నది. కావున రెండు పంకాలు గల కార్డును, ముందు వైపు జాలీ గల క్యాబినెట్టును ఏరితిమి. గాజు తలుపుతో ముందంతయు మూసియుండునది చూపులకు బాగుండును గాని మాకు తగదు. నెలకొకమారు జాలీని విప్పి కడిగి ఆరబెట్టుట, మెత్తని కుంచెతో పంకారెక్కలను తుడుచుట మా చిన్నవాని వంతు. కుంచె త్రిప్పునప్పుడు పంకా తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. కంప్యూటరును పెరటి గోడ నుండి నేలమీద కాక బల్లమీద నుంచితిమి.

తుదకు ఆర్‌ఎక్స్ 6600 కార్డును 20,400 రూపాయలకు, జీఎస్టీ బిల్లుతో, మూడేండ్ల వారంటీతో కొంటిమి. పెట్టెమీది సీరియలు సంఖ్యయు, కార్డుమీది సంఖ్యయు, బిల్లులోని సంఖ్యయు ఒక్కటేనా యని మూడుమారులు చూచితిమి. బిల్లు వ్రాయువాడు మా వారి పేరు అడిగెను. అమ్మాయి పేరు వ్రాయుమంటిమి. “వారంటీకి వచ్చేటప్పుడు సార్ వస్తారు కదా మేడమ్?” అనెను. “వచ్చునది ఆమెయే” అని మా వారు చెప్పిరి. అమ్మాయి బిల్లును మడవక, పుస్తకములో పెట్టుకొని యింటికి తెచ్చినది. తన పేరుమీద వచ్చిన మొదటి బిల్లు అది.

ఈ వెలలు 2025 మే, జూను నెలలవి. ఆ యేటి చివరినుండి కృత్రిమ మేధ యంత్రశాలల గిరాకిచే మెమొరీ చిప్పుల ధరలు లోకమంతట మిక్కిలి పెరిగినవి. కావున చదువరులు మా ధరలను కాక, ఏరిన పద్ధతిని గ్రహింతురుగాక.

కూర్పు ఒక్క మధ్యాహ్నములో ముగిసినది. మా అత్తగారు పసుపుకుంకుమలు తెచ్చి కార్డునకు బొట్టు పెట్టబోయిరి. “మామ్మా, కుంకుమ పంకాలోకి పోతుంది, అట్టపెట్టెకు పెట్టు” అని అమ్మాయి వారించినది. వారంటీకై దాచిన ఆ అట్టపెట్టె నేటికిని అటకమీద బొట్టుతో నున్నది. ఫోర్జా హొరైజన్ 5 అను కార్ల ఆట సెకనునకు 60 పటములు దాటి సాగుచున్నది. ఎల్డెన్ రింగ్‌ను ఆ చేసినవారే 60కి మించనీయరు. క్రొత్తవానిలో కొన్ని 8 జీబీ చాలదని మొరాయించును. అప్పుడు బొమ్మల మెఱుగును మధ్యమమునకు దించినచో దారికి వచ్చును.

మా ఇంట అందఱును చూచినది మాత్రము రాజీ అను ఆట. పూనాలోని నాడింగ్ హెడ్స్ వారు 2020లో చేసినది. అసురులు ఎత్తుకొనిపోయిన తమ్ముడు గోలును వెదకుచు ఒక పిల్ల దుర్గ ఇచ్చిన త్రిశూలముతో కోటలు, తోటలు దాటును. కోటగోడల మీది చిత్రములను చూచుటకై మా అత్తగారు సీరియలు వేళ మార్చుకొని వచ్చి కూర్చుందురు. రెండు గంటలు ముగిసి అమ్మాయి లేచినప్పుడు, “ఏమే, ఆ పిల్లవాడు దొరికినాడా?” అని అడిగి, ఇంకను లేదన్నచో, రేపు కొంచెము ముందుగా మొదలుపెట్టుమని చెప్పి వంటయింటి దీపము ఆర్పుదురు.